ఆరోమాటిక్ అంటే మంచి వాసన అని కాదు



పోయిన నెల మన గోడపత్రికలో కుడివైపు కింద "సైన్సు మాటలు – అర్థాలు" అని ఒక గడి గీసి పది మాటలు రాశారు. అందులో ఆరో మాట ఆరోమాటిక్. దాని పక్కన "సువాసన గలది" అని ఉంది. రాసిన అక్కలు కష్టపడి నిఘంటువు చూసే రాశారు. నిఘంటువులో అలాగే ఉంటాది. అయినా నేను ఒప్పుకోను. అది సబ్బు కాయితం మీద ఉండే అర్థం. రసాయనశాస్త్రంలో దాని అర్థం వేరే. ఆ గడిలోవి ఏడో తరగతి చెల్లెళ్ళు నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు. అందుకని ఊరుకోకుండా ఇది రాస్తున్నాను.

ముందు ఆ మాట దేనికి పెట్టారో చెప్తాను. కార్బన్ పరమాణువుకి సంయోజకత నాలుగు అని మనము చదువుకున్నాము. అనగా దానికి నాలుగు చేతులు ఉన్నట్టు. మన థింసాలో ఆడవాళ్ళు ఒకరి నడుము వెనకనుంచి ఒకరు చేతులు పట్టుకుని వరసగా కదులుతారు గదా. వరసగా ఉన్నంతసేపూ దానికి రెండు చివర్లు ఉంటాయి. ఈ చివరామె వెళ్ళి ఆ చివరామెని పట్టుకుంటే చివర్లు పోయి గుండ్రం అయిపోతాది. కార్బన్లు కూడా అంతే. వరసగా నిలబడితే గొలుసు, చివర్లు కలిస్తే వలయం. పదో తరగతి అక్కల పుస్తకంలో రెండు వలయాల బొమ్మలు ఉన్నాయి. ఒకటి సైక్లోహెక్సేన్, రెండోది బెంజీన్. రెండింటిలోనూ ఆరేసి కార్బన్లే. కానీ సైక్లోహెక్సేన్ లో పన్నెండు హైడ్రోజన్లు, బెంజీన్ లో ఆరే ఆరు.

ఆరే అవడం వలన ఒక చిక్కు వస్తాది. బెంజీన్ లో ఒక్కో కార్బన్ తన రెండు చేతులతో అటూ ఇటూ పక్కవాళ్ళని పట్టుకుంది, మూడో చెయ్యి హైడ్రోజన్ కి ఇచ్చింది. నాలుగో చెయ్యి ఖాళీ. ఆ ఆరు ఖాళీ చేతులు ఏమి చేస్తాయి? జర్మనీ దేశపు శాస్త్రవేత్త కెకులే 1865లో బెంజీన్ వలయం అని చెప్పాడు. ఒక బంధం ఒంటిది, దాని పక్కది జంటది, మళ్ళీ ఒంటిది, అలా మార్చి మార్చి ఉంటాయన్నాడు. తోక నోట్లో పెట్టుకున్న పాము కలలో కనపడి ఈ ఆలోచన వచ్చిందని ఆయనే 1890లో సభలో చెప్పుకున్నాడు. ఈ పాము కథ మాత్రం అందరూ చెప్తారు.

కెకులే గీసిన బొమ్మ నిజమైతే వలయంలో మూడు భుజాలు పొడుగ్గా, మూడు భుజాలు పొట్టిగా ఉండాలి. ఎందుకంటే రెండు కార్బన్ల మధ్య ఒంటి బంధం పొడవు 0.154 నానోమీటరు, జంట బంధం 0.134. (నానోమీటరు అంటే సెంటీమీటరులో కోటో వంతు.) నిజంగా ఎలాగ ఉన్నాదో చూపించినది ఒక ఆడమనిషి. ఆమె పేరు కాథ్లీన్ లాన్స్‌డేల్. ఐర్లాండ్ లో 1903లో పుట్టింది, పదిమంది పిల్లల్లో చివరిది. ఆమె చదివిన ఆడపిల్లల బడిలో సైన్సు సరిగా చెప్పకపోతే మగపిల్లల బడికి వెళ్ళి ఆ పాఠాలు విన్నాది. బెంజీన్ వలయానికి ఆరు కొమ్మలు తగిలించినట్టుండే పదార్థం ఒకటుంది, దాని స్ఫటికం మీద ఎక్స్ కిరణాలు వేసి 1929లో కొలిచింది. వలయం పళ్ళెంలాగ చదునుగా ఉంది. ఆరు భుజాలూ సమానం. ఇప్పటి లెక్క ప్రకారం బెంజీన్ లో ప్రతి భుజం 0.139 నానోమీటరు, అంటే ఒంటిదీ కాదు, జంటదీ కాదు, మధ్యస్థం. పాము కల గురించి చెప్పేవాళ్ళు ఈమె పేరు చెప్పకపోవడం నాకు నచ్చలేదు.

మధ్యస్థం ఎలాగ అవుతాదో నాకు అర్థమైన రీతిలో చెప్తాను. చలికాలంలో ఆరుగురు పిల్లలకి మూడు దుప్పట్లే ఉన్నాయనుకోండి. ఇద్దరికొకటి చొప్పున కప్పుకుంటే జంటకీ జంటకీ మధ్య సందు ఉంటాది, అందులోనుంచి చలి దూరుతాది. అదే మూడు దుప్పట్లూ కలిపి కుట్టి గుండ్రంగా పడుకున్న ఆరుగురి మీదా కప్పితే ఎవరి దుప్పటి ఎవరిదో చెప్పలేము. అందరికీ సమానం, సందు లేదు. బెంజీన్ లో ఆ ఆరు ఎలక్ట్రాన్లు ఇలాగే వలయం అంతటికీ ఉమ్మడి ఆస్తి. అలా పంచుకోవడం వల్ల ఆ వలయానికి చాలా గట్టితనం వస్తాది, దాన్ని విడదీయడం కష్టం. ఈ గుణానికే ఆరోమాటిక్ అని పేరు. ముక్కుతో దీనికి పని లేదు.

ఉమ్మడిగా పంచుకునే ఎలక్ట్రాన్లకి లెక్క కూడా ఉన్నాది. 1931లో ఎరిక్ హ్యూకెల్ అనే ఆయన చెప్పాడు. అవి 2, 6, 10, 14 ఇలాగ ఉంటే కుదురుతాది, 4, 8 అయితే కుదరదు. ఎనిమిది కార్బన్ల వలయం ఒకటుంది, దానిలోనూ ఒంటి బంధం జంట బంధం మార్చి మార్చి వస్తాయి, కాగితం మీద చూస్తే బెంజీన్ కి పెద్దక్క లాగ ఉంటాది. కానీ ఎలక్ట్రాన్లు ఎనిమిది. అది చదునుగా ఉండలేక తొట్టి లాగ వంగిపోతాది. అది ఆరోమాటిక్ కాదు. కావున వలయమైనంత మాత్రాన ఆరోమాటిక్ అయిపోదు. సైక్లోహెక్సేన్ వలయమే, పంచుకోడానికి దానికి ఖాళీ చేతులే లేవు. ఈ సంగతి కూడా గడిలో ఉండాలి.

మరి వాసన మాట ఎక్కడినుంచి వచ్చినాది అంటే, అది పాత కథ. 1825లో ఇంగ్లండులో మైఖేల్ ఫారడే (మన విద్యుత్తు పాఠంలో వచ్చే ఆయనే) దీపాలకి వాడే గ్యాసులో మిగిలిన నూనెలోనుంచి బెంజీన్ ని వేరు చేశాడు. కొన్నేళ్ళకి జర్మనీలో మిచర్లిఖ్ బెంజోయిక్ ఆమ్లాన్ని సున్నంతో కలిపి వేడిచేసి అదే పదార్థం తీశాడు. ఆ ఆమ్లం బెంజోయిన్ అనే చెట్టు బంకలో దొరుకుతాది. అంటే మనం నిప్పుల మీద వేసే సాంబ్రాణి. బెంజీన్ పేరు ఆ సాంబ్రాణి పేరులోనుంచే పుట్టింది. ఆ రోజుల్లో వలయం సంగతి ఎవరికీ తెలియదు. సాంబ్రాణి, చేదు బాదం నూనె, ఇలాంటి వాసన సరుకుల్లోనుంచి వచ్చిన పదార్థాలు ఒకదానికొకటి చుట్టాల్లాగ కనపడ్డాయి. హాఫ్‌మన్ అనే ఆయన 1855లో వాటికి చెందిన ఆమ్లాల కుటుంబానికి ఆరోమాటిక్ అని పేరు వాడాడు. గ్రీకు భాషలో ఆరోమా అంటే సుగంధ ద్రవ్యం. పదేళ్ళ తర్వాత వలయం తెలిసింది, ఇంకో అరవై డెబ్బై ఏళ్ళకి ఎలక్ట్రాన్ల లెక్క తెలిసింది. అర్థం మారిపోయింది, పేరు మాత్రం మారలేదు.

పేరు అలాగ మిగిలిపోవడం తప్పేమీ కాదు. మన కొండల్లో ఏ వారం పుడితే ఆ వారం పేరు పెడతారు. బుధవారం పుట్టిన పిల్లకి బుద్రి అని పెట్టారంటే ఆమె ఒక్క బుధవారమే పనిచేస్తాదా? పేరు పుట్టిన రోజుకి గుర్తు, అంతే. ఆరోమాటిక్ కూడా ఆ మాట పుట్టిన రోజుకి గుర్తు.

ఇప్పుడు మన హాస్టల్లో, మన ఊళ్ళో ఉన్నవాటిని ఒక్కొక్కటి వాసన చూసుకుంటూ పోదాము. నిమ్మగడ్డి నలిపితే ఎంత బాగుంటాదో అందరికీ తెలుసు. ఆ వాసన సిట్రాల్ అనే పదార్థానిది. దానిలో వలయమే లేదు, ఒట్టి గొలుసు. నారింజ తొక్క గిల్లితే కళ్ళల్లోకి చిమ్మేదానిలో లిమొనీన్ ఉంటాది. దానికి ఆరు కార్బన్ల వలయం ఉంది గానీ ఆరోమాటిక్ కాదు. పుదీనాలో చల్లగా తగిలే మెంథాల్, దేవుడి దగ్గర వెలిగించే కర్పూరం, ఇవీ వలయాలే, ఇవీ ఆరోమాటిక్ కావు. సువాసనకి మాత్రం వీటికి ఎవరూ సాటి రారు.

వాము, లవంగం, దాల్చినచెక్క, జీలకర్ర. వీటి వాసన పదార్థాల్లో బెంజీన్ వలయం నిజంగానే ఉన్నాది. ఇవి పాత పేరుకి సరిపోయినవి.

ఇంక రెండోవైపు చూడండి. జ్వరం వస్తే ఏ.ఎన్.ఎం. అక్క ఇచ్చే పారాసిటమాల్ లో బెంజీన్ వలయం ఉంది. వాసన చూడండి, ఏమీ ఉండదు. మిరపకాయకి కారం ఇచ్చేది కాప్సైసిన్, అది కూడా ఆరోమాటిక్, దానికీ వాసన లేదు. పసుపుకి ఆ రంగు ఇచ్చే కర్క్యుమిన్ లో అలాంటివి రెండు వలయాలు ఉన్నాయి. మన రక్తం ఎర్రగా ఉండడానికి కారణమైన హీమ్ పెద్ద ఆరోమాటిక్ వలయం, దాని నడుమ ఇనుము కూర్చుంటాది. వారం వారం మనము మింగే నీలం ఐరన్ మాత్రలోని ఇనుములో చాలా భాగం చివరికి వెళ్ళి కూర్చునేది అక్కడే. ఆకుల పచ్చదనంలో కూడా అలాంటి వలయమే, ఇనుము బదులు మెగ్నీషియం.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించాను. సైన్సు కాబట్టి రాస్తున్నాను, నవ్వొద్దు. మరుగుదొడ్డిలో వచ్చే ఆ కంపుకి కారణమైనవాటిలో స్కటోల్ అని ఒకటుంది. అది పక్కా ఆరోమాటిక్ సమ్మేళనం. దానికి దగ్గర చుట్టం ఇండోల్, అదీ ఆరోమాటికే, అదీ కంపే. కానీ మల్లెపువ్వులో కొంచెం ఇండోల్ ఉంటాది, అంత తక్కువ ఉంటే అది పూల వాసనే. ఇప్పుడు చెప్పండి, "సువాసన గలది" అని రాసిన గడిలో స్కటోల్ ని ఎక్కడ పెడతారు?

మేడం గారూ, ఇది ఒట్టి మాట గొడవ అనుకోవద్దు. మాటకి తప్పు అర్థం చెప్తే పిల్లలు దాన్ని నమ్మి పని చేస్తారు. మన పెట్టెల్లో బట్టల మధ్య వేసే తెల్ల ఉండలు ఉన్నాయి గదా. వాటిని అందరూ కలరా ఉండలు అంటారు. అసలు పేరు నాఫ్తలీన్. పోయిన వానాకాలంలో ఆరో తరగతి చెల్లి ఒకామె పావడా కొసకి ఒక ఉండ కట్టుకుని తిరిగింది, రాత్రి తలగడ కింద పెట్టుకుని పడుకుంది. ఎందుకే అని అడిగితే "కలరా రాదంట అక్కా" అన్నాది. ఎవరూ ఆమెకి చెప్పలేదు, పేరే చెప్పింది. కలరాకీ ఆ ఉండకీ ఏ సంబంధమూ లేదు. కలరా ఒక బాక్టీరియా వల్ల వస్తాది, చెడిపోయిన నీళ్ళు, తిండి ద్వారా వస్తాది. ఉండ కట్టుకుంటే పోదు, నీళ్ళు కాచి తాగితే రాదు. ఇప్పుడు అదే ఉండని మన గడి చదివిన పిల్ల చూసిందనుకోండి. నాఫ్తలీన్ ఆరోమాటిక్, రెండు బెంజీన్ వలయాలు అతుక్కుని ఉంటాయి, పది ఎలక్ట్రాన్లు ఉమ్మడి. గడి ప్రకారం అది "సువాసన గలది". ఒకటి కలరా పోగొడతాదని పేరు, రెండోది సువాసన అని అర్థం. రెండూ కలిస్తే పిల్ల దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోక ఏమి చేస్తాది?

నాఫ్తలీన్ ఉండ ఊరికే గాలిలోకి పోతూ ఉంటాది. ఉత్పతనం పాఠం చెప్పినప్పుడు మేడం కర్పూరాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూపించారు. ఆ పోయేది మనం పీలుస్తాము. కొంతమంది రక్తంలో జి-సిక్స్-పి-డి అనే ఎంజైమ్ తక్కువ ఉంటాది. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల మనుషుల్లో ఇది ఎక్కువగా కనపడతాది, మనదీ మలేరియా ప్రాంతమే. అలాంటివాళ్ళు నాఫ్తలీన్ మింగినా, ఎక్కువ పీల్చినా ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఒంటికేమో పాలిపోవడం, కళ్ళు పచ్చబడడం, మూత్రం నల్లటీ రంగులో పోవడం. మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్ మాత్రతో కూడా వాళ్ళకి ఇలాగే అవుతాది, అందుకే డాక్టర్లు ఆ మాత్ర విషయంలో జాగ్రత్త పడతారు. చంటిపిల్లలకి ఇంకా ప్రమాదం. మనలో చాలామందికి ఇంటి దగ్గర చంటి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. సెలవులకి వెళ్ళినప్పుడు పెట్టెలోని దుప్పటి తీసి తిన్నగా వాళ్ళకే చుడతాము.

పెట్రోలు సంగతి కూడా ఇంతే. బండి ట్యాంకు మూత తీస్తే ఆ వాసన బాగుందని దగ్గరికి వెళ్ళి పీల్చే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మన దేశంలో అమ్మే పెట్రోలులో బెంజీన్ నూటికి ఒక వంతు మించకూడదని నిబంధన. ఎందుకు పెట్టారంటే బెంజీన్ రక్త క్యాన్సరు తెస్తాది. కొంచెం తియ్యటి వాసన ఉంటాది దానికి, కావున ముక్కు మంచిదే అని చెప్తాది. ముక్కు మాట వింటే చెడిపోతాము. ఒకప్పుడు శాస్త్రం తెలిసినవాళ్ళకే దీని చెడు తెలియలేదు. 1906 ప్రాంతంలో జర్మనీలో కాఫీ గింజల్లోనుంచి కెఫీన్ తీసెయ్యడానికి బెంజీన్ వాడారు! ఇప్పుడు ఆ పద్ధతి లేదు. మన కాఫీ తోటల్లో పనిచేసే అమ్మలకి ఈ సంగతి చెప్తే ఏమంటారో.

ఆరోమాటిక్ అన్నవన్నీ విషమని నేను అనడం లేదు. పైన పసుపు, రక్తం, పారాసిటమాల్ చెప్పాను. ఆ మాటలో మంచీ లేదు చెడూ లేదు అంటున్నాను. అది ఎలక్ట్రాన్లు ఎలాగ పంచుకున్నాయో చెప్పే మాట, అంతవరకే.

ఈ విషయం మీద మా తరగతిలో రెండు రోజులు వాదన జరిగింది. ఒక స్నేహితురాలు "ఇది మనకి పరీక్షలో రాదు, ఇంటర్మీడియట్ లో చూసుకోవచ్చు గదా" అన్నాది. పరీక్షలో రాకపోతే గోడ మీద ఎందుకు రాశారు? గోడ మీద రాశాక సరిగా ఉండాలి. ఇంకొకామె అన్నది కొంచెం ఆలోచించవలసిన మాట. "ఇంగ్లీషు మాటకి తెలుగు చెప్పకపోతే మనకి ఎలాగ తెలుస్తాది, తెలుగులో చెప్పడమే మంచిది" అని. నేను కూడా తెలుగులో చెప్పాలనే అంటాను. ఇదంతా తెలుగులోనే గదా రాశాను. కానీ మాటని విరిచి ముక్కకి ముక్క తెలుగు పెడితే ఒక్కోసారి పాత తప్పు కూడా దానితో పాటు తెలుగులోకి వచ్చేస్తాది. పాత తెలుగు పుస్తకాల్లో ఆక్సిజన్ ని ఆమ్లజని అని రాసేవారు. అనగా ఆమ్లాన్ని పుట్టించేది. ఆక్సిజన్ అనే మాటకి గ్రీకులో అదే అర్థం, ఎందుకంటే ఆ పేరు పెట్టిన లెవోయిజర్ ఆమ్లాలన్నిటిలోనూ ఆక్సిజన్ ఉంటాదని అనుకున్నాడు. అది తప్పని తర్వాత తేలింది. మనము ప్రయోగశాలలో చూసే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదు. ఆక్సిజన్ అని ఉంచేస్తే అది ఒట్టి పేరు. ఆమ్లజని అనేసరికి తప్పు పాఠం అయిపోయింది. ఆరోమాటిక్ ని "సుగంధ సమ్మేళనం" అన్నా అలాగే అవుతాది. బజారులో అమ్మే ఒక గైడులో అలాగే రాసి ఉండగా చూశాను కూడా.

మనలో సగంమందికి పైగా ఇంటి దగ్గర తెలుగు మాట్లాడము. నేను తెలుగు కూడా బడిలోనే నేర్చుకున్నాను. పట్నం పిల్లలకి ఇంట్లో అమ్మో నాన్నో పుస్తకం తీసి "ఇది కాదమ్మా" అని చెప్తారు. మా ఇంట్లో నా పుస్తకం తెరిచేది నేనొక్కదాన్నే. మా అమ్మ నేను చదివేది పక్కన కూర్చుని వింటాది, ఏది చెప్తే అది నిజమే అనుకుంటాది. చాలామందికి ఇంతే. కావున మాకు గడిలో రాసిందే ఆఖరి మాట. సరిచూసుకునే రెండో చోటు లేదు.

తెలుగులో ఒక పేరు కావాలంటే వాసన జోలికి పోకుండా పెట్టుకోవచ్చు. వలయం అన్న మాట మనకి ఉన్నదే. ఉమ్మడి వలయం అంటే ఎలాగ ఉంటాది? నాకైతే ఆ దుప్పటి గుర్తొచ్చి బాగానే ఉంది. మేడం గారు చూసి చెప్పాలి. పరీక్షలో మాత్రం ఆరోమాటిక్ అనే రాయాలి, అక్కడ నా పేరు చెల్లదు.

వచ్చే నెల గడిలో ఆ మాట పక్కన ఇలాగ రాయమని గోడపత్రిక అక్కలని కోరుతున్నాను. నేనే స్కెచ్ పెన్నుతో రాసి ఇస్తాను:

"ఆరోమాటిక్: కొన్ని ఎలక్ట్రాన్లని వలయమంతా సమానంగా పంచుకుని గట్టిగా ఉండే అణువులకి పేరు. ఉదాహరణ బెంజీన్. మొదట్లో వాసన గల పదార్థాలకి పెట్టిన పేరు, ఇప్పుడు వాసనతో సంబంధం లేదు. నిమ్మగడ్డి వాసన ఆరోమాటిక్ కాదు. వాసన లేని పారాసిటమాల్ ఆరోమాటిక్."

మిగతా తొమ్మిది మాటలకి కూడా ఆ మాట ఎక్కడ పుట్టింది, ఇప్పుడు దేనికి వాడుతున్నారు అని రెండు లైన్లు రాస్తే చోటు చాలదంటారు. చాలకపోతే పది మాటలు వద్దు, మూడు చాలు. ఆర్గానిక్ అనే మాట కూడా ఇలాంటిదే ఉంది. పసుపు బస్తా మీద ఆర్గానిక్ అంటే మందులు కొట్టనిది, కెమిస్ట్రీలో బెంజీన్ కూడా ఆర్గానికే. దాని సంగతి ఇంకో నెల రాస్తాను.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. పెట్టెల గదిలోనూ, కొత్తగా వచ్చిన దుప్పట్ల మూటల్లోనూ ఉన్న ఉండలు తీయించమని కోరుతున్నాను. దుప్పట్లు పిల్లలకి ఇచ్చే ముందు రెండు రోజులు ఎండలో వేస్తే మేమే మేడ మీదకి మోసుకుపోతాము. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేసుకోవచ్చు, బడి వెనక మూడు వేపచెట్లు ఉన్నాయి. ఏ.ఎన్.ఎం. అక్క వచ్చినప్పుడు జి-సిక్స్-పి-డి గురించి మా అందరికీ ఒకసారి చెప్పించండి. ఆరో తరగతి చెల్లి దగ్గరున్న ఉండ నేను తీసుకుని పారేశాను. ఆమె ఇంకా నా మీద కోపంగానే ఉంది.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని